సొమ్ము పోయినవాని ముఖము

హిందీ చలనచిత్రములకును మా కరీంనగరమునకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదు. పైడి జయరాజు 1909లో ఈ పట్టణముననే జన్మించి, బొంబాయి చేరి, 1929లో మూకచిత్రముల ద్వారా వెండితెర నెక్కెను. మాటలు వచ్చిన పిదప పృథ్వీరాజు, రాణా ప్రతాపుడు, టిప్పు సుల్తాను మొదలగు వీరుల వేషములు ధరించి, 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందెను. తెలుగుబిడ్డకు ఆ భాష అంతగా పట్టుబడుట వింత గాదు. నిజాము రాజ్యమున బడిభాషయు కచేరీభాషయు ఉర్దూయే. ఇక ఆదిలాబాదు సంగతి చెప్పనేల? పెన్‌గంగ దాటిన మహారాష్ట్రము. ఇంటిలో తెలుగో, గోండియో, మరాఠియో; అంగడిలో హిందుస్తానీ. కావున బొంబాయి చిత్రమునకు ఈ ప్రాంతమున దుబాసీతో పని లేకపోయెను. అచ్చటి తెరమీద దొంగ మారినప్పుడెల్ల ఆ మార్పు మన యిండ్లలోనికిని వచ్చుచునే యున్నది.

ఆ దొంగకు ఎనుబదియేండ్లకు మించిన చరిత్ర కలదు. 1943లో బాంబే టాకీసువారు తీసిన ‘కిస్మత్’లో అశోక్ కుమార్ జేబుదొంగ. కలకత్తా రాక్సీ థియేటరులో ఆ చిత్రము మూడేండ్లకు పైగా ఆడెను. దొంగను నాయకుని చేసితిరన్న ఆక్షేపణ ఆనాడే పుట్టినది. అయినను ఆ దొంగతనము వెనుక కుంటిదైన యొక గాయని కాలు బాగుచేయింపవలెనను దయ కలదు. 1973లో ‘జంజీర్’, 1975లో ‘దీవార్’ వచ్చుసరికి దయ స్థానమున ఆగ్రహము నిలిచినది. ‘దీవార్’లో నాయకుని తండ్రి బొగ్గుగని కార్మికుల నాయకుడు. యజమానులు ఆలుబిడ్డలను అడ్డుపెట్టుకొని ఆతనిని లొంగదీయుదురు. ఆ యవమానమే పెద్దకుమారుని దొంగసరకు వ్యాపారమున దింపును. బెల్లంపల్లి, మందమర్రి బావులలో దిగినవారికి అది పరుల కథగా తోచదు గదా! ఈ రెండు చిత్రములును ‘నిప్పులాంటి మనిషి’, ‘మగాడు’ అను పేర్లతో 1974, 1976 సంవత్సరములలో తెలుగునకు వచ్చినవి. 1998లో రాంగోపాల్ వర్మ ‘సత్య’ తీసినప్పుడు నేరగాడు ఆలితో పోట్లాడుచు, మిత్రులతో నవ్వుచు, పొరుగింటివాని వలె కనబడెను.

తరువాత వచ్చిన మార్పు సొగసునకు సంబంధించినది. శ్రీరామ్ రాఘవన్ 2007లో తీసిన ‘జానీ గద్దార్’ దీనికి మంచి దృష్టాంతము. అయిదుగురు భాగస్థులు తలకు ఏబది లక్షల చొప్పున రెండున్నర కోట్లు కూర్చుదురు. అందరిలో చిన్నవాడు ఆ మొత్తమును కాజేయ దలచును. వానికి ఆకలి లేదు, అవమానము లేదు. పరుల ఆలిపై వలపును, సొమ్ముపై ఆశయు కలవు. ఉపాయ మెచ్చట దొరకినది? 1971 నాటి ‘పర్వానా’ అను హిందీ చిత్రమును చూచి, అందలి హంతకుడు రైలుప్రయాణమును అడ్డుపెట్టుకొని తప్పించుకొనిన విధమును వాడు అనుకరించును. సినిమా చూచి పిల్లలు చెడుదురని పెద్దలు చేయు ఫిర్యాదును ఈ దర్శకుడు కథావస్తువునే చేసినాడు! విజయానందునకును, జేమ్స్ హాడ్లీ ఛేజ్ అను ఆంగ్ల నవలాకారునకును ఈ చిత్రము అంకితము. చూచుచున్నంతసేపు ఊపిరి సలుపదు. ఇదే దర్శకుడు 2018లో తీసిన ‘అంధాధున్’ మూడేండ్లకే ‘మాస్ట్రో’యై తెలుగున వెలసినది.

ఇట్టివానిని ఇంటిలో చూడనీయవచ్చునా యని మిత్రులు మమ్మడుగుచుందురు. దొంగవిద్య సొగసుగా కనబడుటయే దోషమందుమా, ముందుగా శూద్రకుని దండింపవలసి వచ్చును. ‘మృచ్ఛకటికము’న శర్విలకుడు గోడకు కన్నము వేయుచు, అది ఏ యాకారమున నుండిన చూచువారు మెచ్చుకొందురో యని ఆలోచించును. కొలత్రాడు మరచి యజ్ఞోపవీతముతోనే కొలుచును. ఇంతకు మించిన సొగసుకాడైన దొంగ ఏ బొంబాయి చిత్రమున గలడు? కాని శూద్రకుడు అచ్చట ఆగలేదు. తెల్లవారిన పిదప మనలను చారుదత్తుని యింటనే నిలుపును. పోయినది పరులు దాచుకొనిన నగ. పేదవాని మాట నెవరు నమ్ముదురు? అపనింద తప్పదని ఆతడు కుంగును. భార్యయగు ధూత తనకు మిగిలిన ముత్యాలహారమును తీసి యిచ్చును. కన్నము సొగసు చూపిన కవియే ఆ కన్నము ఖరీదును గూడ చూపినాడు.

ఈ భేదము మాకు శాస్త్రము వలన గాక ఒక పొరుగింటి ముసలమ్మ వలన స్పష్టమైనది. ఆమె కొడుకు గల్ఫు దేశమున కూలిచేసి పంపిన సొమ్మును, బ్యాంకు అధికారినని ఫోనులో నమ్మబలికినవాడెవడో ఒక్క పూటలో ఊడ్చుకొనిపోయెను. ఆ నెలలోనే ఒకనాడు ఆమె మా యింటికి వచ్చినప్పుడు టెలివిజనులో ఇట్టి చిత్రమే నడుచుచుండెను. పిల్లలు “ఏం దిమాగురా వానిది!” అని చప్పట్లు చరచుచుండిరి. ఆమె గడపలో కూర్చుండి కొంతసేపు చూచి, “సారూ, ఆ పైసలు పోయినోని ఇంట్ల ఏమైందో సూపెట్టరా?” అని అడిగెను. పిల్లలు మారు పలుకలేదు.

న్యాయముగా చెప్పవలెనన్న, ‘జానీ గద్దార్’ ఆ ప్రశ్నకు పూర్తిగా ముఖము చాటువేయలేదు. చచ్చినవారిలో ఒకనికి వృద్ధమాత కలదు, మరియొకనికి ఇల్లాలు కలదు. ద్రోహికిని ఆ సొమ్ము దక్కదు. మా భయము దానిని చూచి సొగసును మాత్రమే ఎత్తుకొని, తల్లిని ఇల్లాలిని విడిచిపెట్టు అనుకరణలను గూర్చియే. వానిలో సొమ్ము ఎవరిదో తెలియదు, పోగొట్టుకొన్నవాడు వెర్రివాడు. పూర్వము థియేటరులో నలుగురి నడుమ చూచినప్పుడు ప్రక్కవాని నిట్టూర్పయినను వినబడెడిది. నేడు బాలుడు దుప్పటిలో ఒంటరిగా చేతిఫోనున చూచును. ఫోనులో మోసగించువాడు ఘనుడని ఆ ఫోనే వానికి బోధించిన, మనము బడిలో చెప్పు నీతిపాఠ మెంతసేపు నిలుచును?

మార్గము లేకపోలేదు. సిరిసిల్లవాడైన వేణు ఎల్దండి 2023లో ‘బలగం’ తీసెను. అందు దొంగ లేడు, తుపాకి లేదు. ఒక ముసలివాని చావు, పిట్ట ముట్టని పిండము, అలిగిన అన్నదమ్ములు. పల్లెలలో కూడళ్ళయందు తెరగట్టి ఊరివారందరును కలిసి చూచి కన్నీరు పెట్టిరి. మన మాట, మన యిల్లు తెరమీద నిలిచిన జనము ఆదరింపరన్న అపవాదు దానితో తొలగినది.

అంతమాత్రమున నేరకథలను నిషేధింపుడని మేము చెప్పము. నిషేధించిన వస్తువు దుప్పటిలోనికి మరింత త్వరగా పోవును. పిల్లలతో కూర్చుండి చూడుడు. ఉపాయమును మెచ్చుకొననిండు, మీరును మెచ్చుకొనుడు. చిత్రము ముగిసిన పిదప ఆ ముసలమ్మ ప్రశ్న నొక్కటి వారి ముందుంచుడు. జవాబు వారినే వెదకనిండు. తెరమీద చూపని ఆ యింటిని మనస్సులో చూడగలిగిన పిల్లవాడు, ఎంత సొగసైన దొంగను చూచినను చెడిపోడని మా నమ్మకము.