పాఠశాలకు ఒక వీడియో కెమెరా

మా కళాశాలకు అనుబంధంగా నడుస్తున్న ఉన్నత పాఠశాలకు ఒక వీడియో కెమెరా కొనవలెనని గత విద్యాసంవత్సరమున కమిటీ వారు తీర్మానించి, 45,000 రూపాయలు మంజూరు చేసి, ఎంపిక భారమును మా ముగ్గురిపై ఉంచారు. మాలో ఒకరు భౌతికశాస్త్రం బోధించేవారు, ఒకరు తెలుగు చెప్పేవారు, మూడవవారు డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థి. కెమెరా అనగానే అందరికీ వార్షికోత్సవ వేదికయే స్ఫురించినది: ముఖ్య అతిథి రాక, పూలమాలలు, బహుమతుల పంపిణీ. మా మనస్సులో ఉన్నది వేరు.

పాఠశాలలో ముప్పది ఏండ్లకు పైగా ఉర్దూ బోధిస్తున్న ఉస్తాదుగారు ఆ సంవత్సరాంతమున పదవీ విరమణ చేయవలసి ఉన్నది. ఆ స్థానం ఎన్నడు భర్తీ అగునో చెప్పగలవారు లేరు. అరూజ్, అనగా ఉర్దూ ఛందశ్శాస్త్రమును, ఆయన బల్లపై వేళ్లతో దరువు వేస్తూ బోధిస్తారు. గోడకు ఆవలి గదిలో తెలుగు పండితులు గురులఘువులను గుర్తింపజేస్తూ ఉంటారు. ఇటు ‘ఫాఇలాతున్’ అని వినిపించిన క్షణమున అటు ‘భగణం’ అని వినిపిస్తుంది. ఒకే శాస్త్రమును రెండు భాషలలో చెప్పే ఈ ఇద్దరి పాఠాలను భద్రపరచి, ఒక మాధ్యమపు పిల్లలకు రెండవ మాధ్యమపు పాఠం కూడ వినిపించవలెనన్నది మా సంకల్పం. ఛందస్సు కంటికంటె చెవికి చెందిన విద్య. ఈ ఒక్క విషయమే మా ఎంపికను మొదటినుండి చివరివరకు శాసించినదని చెప్పవచ్చును.

దుకాణాలకు పోవుటకు ముందు పాఠశాల బీరువా తెరచి చూచితిమి. అందులో పదకొండు వి.హెచ్.ఎస్. క్యాసెట్లు ఉన్నవి. 1976లో జపానులో జె.వి.సి. సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి ఒక తరమునంతయు ఏలినది. కాని వానిని ఆడించే యంత్రాలను చివరి వరకు తయారుచేసిన ఫునాయ్ సంస్థ కూడ 2016లో ఆ పని చాలించినది. క్యాసెట్లలో కొన్నింటికి బూజు పట్టినది. ‘1994 వార్షికోత్సవం’ అని ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ఉన్న ఒకదానిని నగరమునకు పంపి కంప్యూటరులోకి మార్పించితిమి. మర్హూం ప్రధానోపాధ్యాయులు వేదికపై ప్రసంగిస్తున్నారు. బొమ్మ వెలిసిపోయినను ముఖము ఆనవాలు పట్టవచ్చును, చేతులు కదలుచున్నవి. మాట మాత్రం ఒక్కటి కూడ తెలియదు. సభ చివరన ఉంచిన కెమెరాకు వినిపించినవి తలపై పంకాలు, ముందు వరుసలోని పసిపిల్లల ఏడుపు మాత్రమే. ఆయన శిష్యుడే మన ఉస్తాదుగారు. ఆ బొమ్మను ఆయన నిలుచుండి చివరివరకు చూచి, ఏమియు అనకుండ తరగతికి వెళ్లిపోయినారు.

అందుచేత దుకాణంలో మా మొదటి ప్రశ్న ‘మైకు తగిలించే రంధ్రం ఉన్నదా?’ అన్నది. అమ్మకందారు ఆశ్చర్యపడి, ముప్పది రెట్ల జూమ్ గురించి, ‘ఫోర్ కే’ స్పష్టత గురించి చెప్పసాగినాడు. ఈ సంఖ్యలతో వచ్చిన చిక్కేమనగా, పెట్టెపై పెద్ద అక్షరాలతో అచ్చువేయుటకు అనువైనది ఒకటి, పాఠశాలకు పనికివచ్చేది మరొకటి. డిజిటల్ జూమ్ అనునది ఉన్న బొమ్మనే సాగదీయుట. సాగదీసిన బొమ్మలో కొత్తగా ఏ అక్షరము కనిపించదు. తగ్గు ధర కెమెరాలు అనేకము బయటి మైకునకు చోటే ఇవ్వవు. ధ్వనికి ఒక సూత్రమున్నది: దూరము రెట్టింపయితే నోటినుండి నేరుగా చేరే ధ్వని తీవ్రత నాలుగవ వంతుకు తగ్గుతుంది. కెమెరాలోని మైకు ఇరువది అడుగుల దూరాన ఉంటే, కాలరుకు గుచ్చిన చిన్న మైకు జానెడు దూరాన ఉంటుంది. లెక్క భౌతికశాస్త్రం వారే చేయనక్కరలేదు. మైకు రంధ్రంతోపాటు హెడ్‌ఫోన్ల రంధ్రం కూడ ఉండవలెను. ఎక్కుతున్న ధ్వనిని అప్పటికప్పుడు వినని వారికి లోపము పాఠం ముగిసిన తరువాతనే తెలుస్తుంది.

రెండవ ప్రశ్న కాలమునకు సంబంధించినది. మా పీరియడు నలుబది అయిదు నిమిషాలు. వీడియో కూడ తీయగల ఫోటో కెమెరాలు చాల కాలము 29 నిమిషాల 59 సెకన్లకు తమంతట తామే ఆగిపోయేవి. ఐరోపాలో వీడియో కెమెరాలపై ఉన్న దిగుమతి సుంకము తప్పించుకొనుటకు తయారీదారులు పెట్టుకొన్న హద్దు అది. ఇటీవలి నమూనాలు పెక్కింటిలో అది తొలగినను, పాత సరుకు ఇంకను దొరుకుతూనే ఉన్నది. ఎక్కడో ఐరోపాలోని సుంకమునకు మన ఛందోపాఠం నడుమన తెగిపోవుట విచిత్రమే కదా! కార్డు విషయం సులభంగానే తేలినది. సెకనుకు 24 మెగాబిట్ల వంతున తీస్తే పీరియడుకు సుమారు 8 గిగాబైట్లు కావలెను; 64 గిగాబైట్ల కార్డులో ఏడు పాఠాలు పట్టవచ్చును.

ట్యూబులైట్ల సంగతి మాత్రం తరగతిలో పరీక్షించితే గాని తెలియలేదు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. కెమెరాను అమెరికా పద్ధతిలో 60కి అమర్చితే బొమ్మపై చారలు పారుతూ దీపాలు వణకినట్లు కనిపించును. పాల్ పద్ధతికి మార్చి, షట్టరును సెకనులో యాబదవ వంతునకు నిలిపినంతనే ఆ వణకు మాయమైనది.

ఇక నల్లబల్ల. తెలుగు ఎడమనుండి కుడికి సాగితే ఉర్దూ కుడినుండి ఎడమకు సాగునని అందరకు తెలిసినదే. కుడిచేతితో వ్రాయువాని శరీరము చేతికి ఎడమ ప్రక్కన ఉంటుంది. కనుక తెలుగు పండితులు అప్పుడే వ్రాసిన పదము ఆయన భుజము వెనుక దాగిపోతుంది. ఉస్తాదుగారు వ్రాసినది కుడిప్రక్కన తేటగా బయటపడుతుంది. నాలుగు దినాలు ప్రయత్నించి, ఏ భాషకైనను పంక్తి ఆరంభమయ్యే వైపునే కెమెరా నిలుపుట మేలని కనుగొంటిమి. అనగా ప్రతి పీరియడుకు స్థానము మారవలెను. బరువైన కెమెరా ఆశను అక్కడితో వదలుకొని, తేలికైన దానిని, అయినను కదలని ముక్కాలి స్టాండును కోరుకొంటిమి.

ఈ లోపల వార్త ఊరిలో ప్రాకినది. ఒక ఉదయం తొమ్మిదవ తరగతి బాలిక తల్లి పాఠశాలకు వచ్చి, “పాఠం తీసుకోండి సార్, మా పిల్ల మొహం మాత్రం వద్దు” అన్నారు. ఆమె కోపంతో అనలేదు. ఆ మాట అనుటకే బుర్ఖా చెంగు సవరించుకొంటూ చాలసేపు గుమ్మం దగ్గర నిలిచి ఉన్నారు. ఇది వెనుకబాటుతనమని కమిటీలో ఒకరిద్దరు అనకపోలేదు. మేము అంగీకరించలేదు. పద్దెనిమిదేండ్లు నిండని వారి వ్యక్తిగత సమాచారం విషయమున తల్లిదండ్రుల సమ్మతి ముఖ్యమని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమే గుర్తించినది. చట్టము లేకున్నను ఆ తల్లి అడిగినది న్యాయమే. పిల్లలు చదువుకొనుటకు వస్తారు గాని ప్రదర్శనకు కాదు. కెమెరాను చివరి బల్ల వెనుక గాక, మొదటి బల్లకు ముందు, గోడప్రక్కన నిలుపవలెనని నిశ్చయించితిమి. అక్కడినుండి బోధకులు, నల్లబల్ల తప్ప మరేమియు కనిపించవు. అంత దగ్గర నిలిచే కెమెరాకు ముప్పది రెట్ల జూమ్ ఎందుకు? కావలసినది దగ్గరి నుండియే బల్లనంతటిని పట్టగల విశాలమైన కటకము. ఆ తల్లి మాటతో మా ఎంపిక సగము పూర్తి అయినదన్నను అతిశయోక్తి కాదు.

మా విద్యార్థి మిత్రుడు ఒక వాదము లేవదీసినాడు: కాలరు మైకు తగిలించిన మంచి ఫోను చాలదా? బొమ్మ విషయమున ఆ మాట కాదనలేము. పదివేల రూపాయలు మాత్రమే ఉన్న పాఠశాలకు మేమును అదే సలహా ఇస్తాము. కాని ఫోను ఒకరి జేబులోనిది. సాయంత్రం పాఠాలతో సహా ఇంటికి పోతుంది, పాఠం నడుమ మ్రోగుతుంది. పాఠశాల వస్తువు పాఠశాల బీరువాలో ఉండుట మంచిదన్నాము. అతడు పూర్తిగా ఒప్పుకొన్నట్లు లేదు.

తుదకు కొన్నది సాదా కెమెరా. మైకుకు, హెడ్‌ఫోన్లకు రంధ్రాలున్నవి. ఏ కంప్యూటరులోనైనను తెరచుకొనే ఎం.పి.4 రూపమున తీస్తుంది. మిగిలిన డబ్బు కాలరు మైకునకు, స్టాండునకు, అదనపు బ్యాటరీకి సరిపోయినది. వార్షికోత్సవమున చివరి వరుసలవారి ముఖాలు అందులో పడలేదని కొందరు చిన్నబుచ్చుకొన్నారు.

ఉస్తాదుగారి పాఠాలు పంతొమ్మిది, తెలుగు పండితులవి పదునాలుగు ఇప్పటికి సిద్ధమైనవి. బల్లపై వేళ్ల దరువు కూడ వినవస్తున్నది. ఇవన్నియు ఒకే డిస్కులో ఉన్నవి. రెండవ ప్రతికి మరియొక డిస్కు కావలెనని మేము సమర్పించిన అర్జీ కమిటీ వారి పరిశీలనలో ఉన్నది.