శుక్రవారం షూటింగ్

సినిమా ఊళ్లు అనగానే మనకి కోడంబాకం, ఫిల్మ్‌నగర్, అంధేరీ... ఇవే గుర్తొస్తాయి. రైల్వే స్టేషనైనా లేని ఓ ఊరు, పొద్దస్తమానం మరమగ్గాల చప్పుడులో మునిగి ఉండే ఓ ఊరు, తన సినిమాలు తనే తీసుకుని, తనే టిక్కెట్టు కొనుక్కుని చూసి, తనే ఈలలు వేసుకుందంటే తమాషాగా లేదూ? మహారాష్ట్రలో నాసిక్ జిల్లా మాలేగావ్ సంగతి నేను చెబుతున్నది.

పేపర్లలో ఈ ఊరి పేరు మామూలుగా మంచి కబురుతో రాదు. 2006 సెప్టెంబరులో ఒకసారి, 2008 సెప్టెంబరులో మరోసారి బాంబులు పేలి అమాయకులు పోయారు. మాలేగావ్ వెళ్తున్నానంటే "అక్కడికెందుకురా?" అన్నవాళ్లే మా ఇంట్లో ఎక్కువ. సినిమా చూడ్డానికి కాదు, సినిమా తీసే పిచ్చి ఎలా ఉంటుందో చూడ్డానికి అని చెప్పాను. మా అమ్మకి అది ఇంకా అధ్వాన్నంగా వినిపించింది!

జంటనగరాల్లో సాయంత్రం అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నిజామాబాద్, బాసర దాటేసరికి చీకటి పడుతుంది. నాందేడ్, జాల్నా, ఔరంగాబాద్... అన్నీ నిద్రలోనే వెళ్లిపోతాయి. తెల్లారాక మన్మాడ్‌లో దిగాలి. అక్కణ్ణించి ఎర్రబస్సు. దారంతా ఉల్లిపాయల లారీలే. ఎదురుగా వచ్చే ప్రతి లారీకీ మన బస్సులోనే ఎవరో ఉల్లిపాయ కోస్తున్నారా అన్నట్టు ఘాటు. ముప్పయ్యయిదు కిలోమీటర్లో ఎంతో వెళ్లాక ముంబయి-ఆగ్రా రోడ్డు మీద ఊరు కనపడుతుంది. మధ్యలో మోసం నది పారుతుంది. కంగారు పడకండి, అది నది పేరు! ఒడ్డున పద్దెనిమిదో శతాబ్దంలో నారో శంకర్ కట్టించిన కోట ఉంది. కోటలు చూడ్డానికి వెళ్లే ఓపిక ఉన్నవాళ్లు చూడొచ్చు. నాకు లేకపోయింది.

భాషకి మాత్రం ఇబ్బంది పడలేదు. మన హైదరాబాదీ "నక్కో" అక్కడ ఇంచక్కా చెల్లుబాటవుతుంది. అది మరాఠీ వాళ్ల దగ్గర మనం అప్పు తెచ్చుకున్న మాటేగా! ఆటో అతను "హైదరాబాదా? బిర్యానీ అక్కడే వదిలేసి ఇక్కడికెందుకొచ్చారు?" అన్నాడు. సినిమాల కోసం అన్నాను. "అయితే శుక్రవారం రావాల్సింది" అన్నాడు. శుక్రవారం సంగతి తర్వాత చెబుతాను.

ముందు అసలు కథ. నాసిర్ షేక్ అనే యువకుడు 1990ల్లో ఈ ఊళ్లో వీడియో పార్లర్ నడిపేవాడు. ఒక గది, ఒక టి.వి., ఒక వి.సి.ఆర్., బయట చేత్తో రాసిన బోర్డు. మన ఊళ్లలోనూ ఉండేవిగా! చాప్లిన్‌నీ, బస్టర్ కీటన్‌నీ, బ్రూస్ లీనీ మగ్గం కూలీలకి చూపించాడు. రోజూ చూపించి చూపించి, మనమే ఒకటి తీస్తే పోలా అనుకున్నాడు. పెళ్లిళ్లు తీసే వీడియో కెమెరా పట్టుకుని 2000 ప్రాంతంలో 'మాలేగావ్ కే షోలే' తీశాడు. ఖర్చు సుమారు 50 వేలు. గబ్బర్ సింగ్ మనుషులకి గుర్రాలెక్కణ్ణించి వస్తాయి? సైకిళ్లెక్కించాడు! ట్రాలీకి సైకిలు, క్రేనుకి ఎడ్లబండి. బండి కాడి పైకి లేపితే కెమెరా పట్టుకున్నవాడూ పైకి లేస్తాడు, అంతే. ఊరు విరగబడి చూసింది.

తర్వాత 'మాలేగావ్ కా సూపర్‌మ్యాన్'. అది తీస్తుంటే ఫైజా అహ్మద్ ఖాన్ అనే దర్శకురాలు పక్కనే నిలబడి వీళ్ల మీద ఓ డాక్యుమెంటరీ తీశారు. అదే 2008 నాటి 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్'. సూపర్‌మ్యాన్ వేషం వేసినవాడు షఫీక్ షేక్. మరమగ్గం కార్మికుడు, బక్కపల్చటి మనిషి. నీలం బట్టలు, ఎర్ర కేపు, ఎర్ర నిక్కరు, నిక్కరు ముందు వేళ్లాడే బొందు. ఈ సూపర్‌మ్యాన్‌కి ఊరి దుమ్ముకి ఉబ్బసం కూడా ఉంది. షూటింగు మధ్యలో కెమెరా నీళ్లలో పడింది. షఫీక్‌కి పెళ్లయింది, షూటింగు ఆగింది. హీరోయిన్‌గా వెయ్యడానికి ఊళ్లో ఏ అమ్మాయీ ముందుకి రాకపోతే బయటి ఊరి నుంచి తెచ్చుకున్నారు. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొస్తాయి. ఆ షఫీక్ 2011లో నోటి క్యాన్సర్‌తో పోయాడని తెలిశాక చూస్తే ఆ నీళ్లు వేరేగా వస్తాయి.

ఈ కథనే రీమా కాగ్తీ 'సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్' పేరుతో సినిమాగా తీశారు. 2024లో టొరాంటో చిత్రోత్సవంలో వేశారు, 2025 ఫిబ్రవరి 28న హాళ్లలో విడుదలైంది. రచన వరుణ్ గ్రోవర్. నాసిర్ పాత్ర వేసిన ఆదర్శ్ గౌరవ్ మనవాడేనండోయ్. ఇంటిపేరు భాగవతుల, జంషెడ్‌పూర్‌లో పుట్టిన తెలుగు కుర్రాడు. సినిమా బావుంది, కాదనను. కాని నా ఓటు డాక్యుమెంటరీకే. ఎంత గొప్ప కాస్ట్యూమ్ డిజైనరైనా ఆ నిక్కరు బొందుని అంత సహజంగా వేళ్లాడదియ్యలేడు.

నేను మాలేగావ్‌లో పేరున్నవాళ్లని కలవలేదు. వాళ్లని అందరూ కలిశారు. ఆ పేరున్నవాళ్ల వెనకాల, ఎప్పుడూ ఏ పండక్కీ వెళ్లని వీడియోలు తీసుకున్న మామూలు మనుషులు ఉంటారు కదా, వాళ్లని వెతుక్కుంటూ వెళ్లాను. బస్టాండుకి కాస్త దూరంలో ఓ సందులో నాకు దొరికాడు ఒకాయన. యాభై దాటాయి. పెళ్లి వీడియోలు తీసే దుకాణం. ఇప్పుడు కొడుకు డ్రోన్ ఎగరేస్తాడు, ఈయన టీ తాగుతాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి భాయ్ అనే అంటాను.

భాయ్ నన్ను ముందు మగ్గాల షెడ్డుకి తీసుకెళ్లాడు. "ఇది వినకుండా మా సినిమాలు మీకర్థం కావు" అని. లోపలికి అడుగు పెట్టగానే చెవుల్లో సుత్తులు! పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. కాని షెడ్డు ఆ చివరున్నవాడు ఈ చివరున్నవాడితో హాయిగా కబుర్లాడుతున్నాడు. ఎలా? పెదాలతో. గొంతు పెగలకుండా పెదాలు కదుపుతారు, మధ్యలో చెయ్యి ఒక సైగ చేస్తుంది, అవతలివాడు పకపకా నవ్వుతాడు. భాయ్ నా చెవిలో ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. బయటికొచ్చాక చెప్పాడు, "వాళ్లు నవ్వుతున్నది మీ బూట్లు చూసి" అని.

శుక్రవారం ఈ మగ్గాలకి సెలవు. నమాజు, బజారు, మ్యాట్నీ. ఊరు ఊరంతా సినిమా హాళ్ల మీద పడుతుంది. ఇక్కడి జనం సినిమాని కూర్చుని చూసే రకం కాదు. 2023 నవంబరులో 'టైగర్ 3' ఆడుతుంటే హాల్లోనే టపాసులు కాల్చి పోలీసు కేసు దాకా తెచ్చుకున్నారు. అది అభిమానమంటే నేనొప్పుకోను, జనం తొక్కుకుని చస్తే ఎవరు జవాబు చెబుతారు? భాయ్ కూడా నాతో ఏకీభవించాడు. "కాని మొదటి రాకెట్టు ఏ వరసలోంచి వచ్చిందో చూడలేకపోయాను" అని మాత్రం బాధపడ్డాడు!

వీడియో తీసేవాళ్లకి శుక్రవారం ఇంకో విధంగా పండగ. ఆ రోజు నటులకి తీరిక ఉంటుంది, ఊళ్లో చప్పుడుండదు. కెమెరాకే తగిలించి ఉండే మైకుకి డైలాగూ మగ్గమూ ఒకటే. అందుకని ఈ ఊళ్లో సరదాకి వీడియోలు తీసిన ప్రతివాడూ శుక్రవారం దర్శకుడే.

కుర్ర పాఠకుల కోసం ఇక్కడ కాస్త విడమర్చాలి. సెల్‌ఫోను తీసి నొక్కితే సినిమా అయిపోయే రోజులు కావవి. ఇంట్లో సినిమా తీసుకునే ముచ్చట పాతదే. కొడాక్ వాళ్లు 8 మిల్లీమీటర్ల ఫిలిం 1932లో, సూపర్ 8 అనేది 1965లో తెచ్చారు. సూపర్ 8 కార్ట్రిడ్జి ఒకటి మూడు నిమిషాల పై చిల్లర ఆడేది, తీశాక లేబొరేటరీకి పంపాలి. డబ్బున్నవాళ్ల సరదా. 1976లో జపానులో వి.హెచ్.ఎస్. వచ్చింది. 1980ల్లో కెమెరాలోనే టేపు పెట్టుకుని భుజాన మోసే రకం వచ్చింది. మూడు గంటల క్యాసెట్టు, నచ్చకపోతే చెరిపి మళ్లీ తీసుకోవచ్చు. మగ్గం కూలీకీ కెమెరాకీ చుట్టరికం కలిసింది అక్కడే.

ఎడిటింగంటే రెండు వి.సి.ఆర్.లు. ఒకదాంట్లో తీసిన టేపు ఆడుతుంటుంది, రెండోదాంట్లో రికార్డు బటను మీద వేలుంటుంది. కావలసిన షాటు రాగానే నొక్కు, అయిపోగానే ఆపు. అర సెకను తేడా వస్తే హీరో దెబ్బ కొట్టకముందే విలన్ పడిపోతాడు. పైగా కాపీకి కాపీ తీసిన కొద్దీ బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని తెలివైనవాళ్లు కథ వరసలోనే షూటు చేసేవాళ్లు, కెమెరాయే ఎడిటరు. మనిషి మాయమవ్వాలా? కెమెరా కదపకుండా పాజ్ నొక్కి, మనిషిని పక్కకి పంపి, మళ్లీ మొదలెట్టు. గోడెక్కాలా? మనిషిని నేల మీద పాకించి, కెమెరాని పక్కకి పడుకోబెట్టు. భాయ్ ఇదంతా ఓ కుర్చీ, ఓ దుప్పటి పట్టుకుని నాకు చేసి చూపించాడు. దుప్పటి కప్పుకుని ఆయన ఎగిరినప్పుడు కొడుకు డ్రోన్ బ్యాటరీ వైపు తల తిప్పుకున్నాడు పాపం.

భాయ్ తీసింది ఒకటే సినిమా. 1998లో. పేరు కూడా పెట్టలేదు. అమితాబ్‌ని చూద్దామని బొంబాయి బయల్దేరిన ఓ మగ్గం కూలీ, మన్మాడ్ బస్టాండు దాకా వెళ్లి, జేబులో డబ్బులయిపోయి, తిరిగొచ్చి, బొంబాయి ఎలా ఉందో అందరికీ వర్ణించి చెప్పే కథ. పాతిక నిమిషాలు. ఆ కూలీ వేషం వేసింది భాయ్ ప్రాణస్నేహితుడు, నిజంగానే కూలీ. అయిదేళ్ల కిందట పోయాడు. అతని ఫోటోలు రెండో మూడో ఉన్నాయి. నడుస్తూ, నవ్వుతూ, చేతులూపుతూ ఉన్నది మాత్రం ఆ ఒక్క టేపులోనే.

భాయ్ ఆ టేపు తీసి చూపించాడు. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే చుట్ట మీద తెల్లటి మచ్చలు. బూజు! వి.హెచ్.ఎస్. టేపుకి అది క్షయలాంటిది. అలాగే ఆడిస్తే నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరిగే హెడ్డు డ్రమ్ముకి అంటుకుంటుంది, టేపు తెగినా తెగొచ్చు. తెగితే పోయింది. వి.సి.ఆర్. చెడితే కొత్తదీ రాదు, 2016లో ఆఖరి జపాను కంపెనీ కూడా తయారీ మానేసింది. బొంబాయిలో బాగుచేసేవాళ్లున్నారని ఎవరో చెప్పారట. కొరియర్లో పంపడానికి భాయ్‌కి చేతులు రావడం లేదు. "మనిషిని పార్సెల్ కట్టినట్టుంటుంది" అన్నాడు.

పోయినాయన కొడుకు మాత్రం మూడేళ్లుగా అడుగుతున్నాడు. పాతికేళ్లుంటాయి, పదిహేనో ఏట నుంచి మగ్గం మీదే. "చాచా, పోతే పోయిందనుకుందాం. ఒక్కసారి వేయి" అంటాడు. భాయ్ "పోతే?" అంటాడు. ఆ మాటతో మూడేళ్లు గడిచాయి. నేను వెళ్లిన వారం మాత్రం ఆ కుర్రాడు పని కోసం భివండీ వెళ్లిపోతున్నాడు. ఇక శుక్రవారం తప్పలేదు.

పొద్దున్నే భాయ్ క్యాసెట్టు అయిదు స్క్రూలు విప్పాడు. టేపు చుట్టలు రెండూ కొత్త డబ్బాలోకి మార్చాడు. మెత్తటి పొడిగుడ్డ రెండు వేళ్ల మధ్య పట్టుకుని, టేపు దాని మధ్యనుంచి పోయేలా నెమ్మదిగా చుట్టాడు. ముక్కుకి రుమాలు, కళ్లకి జోడు. రెండు గంటలు ఎవ్వరితోనూ మాట్లాడలేదు. గుడ్డ పది సార్లు మార్చి ఉంటాడు. కొడుకు వి.సి.ఆర్.ని కంప్యూటరుకి కలిపాడు. మళ్లీ ఆడుతుందో లేదో, ఆడిన ఈ ఒక్కసారీ ఎక్కించేసుకోవాలని. నన్ను ఫ్యాను ఆపమన్నారు. ఆపాను.

ప్లే నొక్కాడు. ముందు నీలం, తర్వాత చారలు, చారల మధ్య ఓ బస్టాండు. అడ్డంగా నలిగినట్టు గీతలు. ఇంతలో ఎర్ర మఫ్లరు కట్టుకుని ఓ మనిషి నడుచుకుంటూ వచ్చి కెమెరా ముందు నిలబడి నోరు తెరిచాడు. టి.వి.లోంచి ఒకటే ధడధడ! మగ్గాలు! భాయ్ తల పట్టుకున్నాడు. ఆ సీను మాలేగావ్‌లోనే, ఓ షెడ్డు గోడకి మన్మాడ్ బోర్డు వేళ్లాడదీసి తీశారట. ఆ వారం కెమెరా శుక్రవారం పెళ్లికి పోయింది, మంగళవారమే దొరికింది. తర్వాత డబ్బింగ్ చెబుదామనుకున్నారు, చెప్పలేదు. ఇన్నేళ్లలో ఆయన ఆ సంగతే మర్చిపోయాడు. మనిషి ఉన్నాడు, చేతులూపుతున్నాడు, నవ్వుతున్నాడు. గొంతు మాత్రం లేదు.

భాయ్ కొడుకు వాల్యూమ్ తగ్గించబోయాడు. ఆ కుర్రాడు చెయ్యడ్డం పెట్టాడు. టి.వి.కి మూరెడు దూరంలో నేల మీద కూర్చున్నాడు. తెర మీది పెదాల మీంచి కళ్లు తిప్పకుండా, ఒక్కో మాటే పైకి చెప్పడం మొదలెట్టాడు.

"బొంబాయిలో... ఇళ్లు... మన మసీదు మినారు కన్నా... ఎత్తు. అమితాబ్ ఇంటి ముందు... నిలబడ్డా. నన్ను చూసి... లోపలికి రమ్మన్నాడు. నేనే... బూట్లు లేవని... వెళ్లలేదు."

భాయ్ అవునవునని తలూపుతున్నాడు. డైలాగులు ఆయన రాసినవే. తెర మీది మనిషి ఉన్నట్టుండి కెమెరా వెనక్కి చూసి, చెయ్యి తిప్పుతూ ఇంకేదో అన్నాడు. కుర్రాడు ఆగాడు. వెనక్కి తిరిగి భాయ్‌ని చూశాడు.

"ఇది డైలాగా, చాచా?"

"ఏమన్నాడు?"

"'ఒరేయ్, చాయ్ చల్లారిపోతోంది, ఇక ఆపరా' అంటున్నాడు."