అంకె చెప్పు, అల్లుడూ!

గోదావరి ఒడ్డున పుట్టినవాడికి మూడు అంకెలు ఎవరూ నేర్పనక్కర లేదు. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండవది. 53 అయితే మూడవది. మాకు ఎక్కాల కన్న ముందు వచ్చినవి ఇవే.

మా మామయ్యది అడవి అంచున చిన్న పల్లె. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వైపు. గోదావరి పోటు మీద ఉంటే శబరికి దారి దొరకదు. వెనక్కి ఎగదన్ని పొలాల మీద పడుతుంది. కాబట్టి భద్రాచలంలో నీరెంత ఉందన్నది అక్కడివాళ్ళకు ఊసుపోక అడిగే మాట కాదు, మూట కట్టుకోవాలా వద్దా అన్న మాట.

నేను హైదరాబాదులో కంప్యూటరు ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నాను. నిజం చెప్పాలంటే రాయడం తక్కువ, రాసినదానిలో తప్పులు వెతకడం ఎక్కువ. ఆ వెతుకులాటకు పనికివచ్చే సాధనాన్ని డీబగ్గరు అంటారు. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో నిలబెట్టి, లోపల ఏ గదిలో ఏముందో చూపిస్తుంది. వాటిలో పేరుమోసిన జీడీబీని రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా దేశస్థుడు 1986లో రాశాడు. మా వైపు 1986 అంటే ఎవరికీ డీబగ్గరు గుర్తు రాదు లెండి. ఆ ఏటి ఆగస్టులో నీరు 75.6 అడుగులకు వచ్చింది. మామయ్య ఇంటి గోడ మీద బొగ్గుతో గీసిన గీత ఆనాటిదే. ఎన్ని సున్నాలు వేసినా దాన్ని మాత్రం చెరపనివ్వడు.

2022 వేసవిలో నాకొక బుద్ధి పుట్టింది. వరద ప్రకటనలు చూసి నేను అడుగుల లెక్క కొట్టగానే, అది ఏ హెచ్చరికో తేల్చి మామయ్య ఫోనుకు కబురు పంపే చిన్న ప్రోగ్రాము రాద్దామని. సి భాషలో ఇలాంటిదానికి ఈనమ్ అని ఒక ఏర్పాటు ఉంది. వరసగా నాలుగు పేర్లు రాస్తే వాటికి 0, 1, 2, 3 అని అంకెలు వాటంతట అవే పడతాయి. మనం పేరుతో రాసుకుంటాం. కంపైలరు దాన్ని యంత్రభాషలోకి మార్చేటప్పుడు పేర్లు వదిలేసి అంకెలే ఉంచుతుంది. యంత్రానికి పేర్లతో పనేముంది? అయితే, మనం ముందుగా కోరితే, ఏ అంకెకు ఏ పేరో ఒక పట్టిక రాసి ప్రోగ్రాముతోబాటు భద్రపరుస్తుంది. ఆ పట్టిక రాసే పద్ధతికి డ్వార్ఫ్ అని పేరు. డీబగ్గరు గదిలోని అంకెను చూసి, పట్టిక తిరగేసి, మనకు పేరు చెబుతుంది.

చెబుతుందా, సరిగ్గా చెబుతుందా అని పరీక్షించడం నా వృత్తిలో ఒక భాగం. అలవాటు కొద్దీ సొంత ప్రోగ్రామునూ పరీక్షకు పెట్టాను.

మొదటి పరీక్షలోనే నవ్వు వచ్చింది. నేను 'మొదటి హెచ్చరిక'తోనే పట్టిక మొదలుపెట్టాను. లెక్క సున్న నుంచి గదా మొదలు! దాంతో ఇంకా ఏ విలువా వెయ్యని గదిలో ఉన్న సున్నను చూసి డీబగ్గరు 'మొదటి హెచ్చరిక' అన్నది. బయట మే నెల; గోదావరిలో ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. వెంటనే అన్నిటికన్న ముందు 'హెచ్చరిక లేదు' అని ఒక పేరు చేర్చాను. సున్నకు తగిన పేరు దొరికింది.

తరవాత కావాలనే ఆ గదిలో 4 వేశాను. పట్టికలో 4కు పేరు లేదు. డీబగ్గరు ఏ పేరూ కల్పించకుండా ఆ నాలుగునే నా ముందు పెట్టింది. నాకు ముచ్చట వేసింది. తెలియనిదానికి పేరు పెట్టకుండా ఉండడం మనుషుల్లోనే అరుదు.

మరొక పట్టికలో రోడ్డు మునిగితే 1, కరెంటు పోతే 2, పడవ ఆగితే 4 అని పెట్టి, గదిలో 3 వేశాను. రోడ్డు, కరెంటు రెండూ కలిపి చూపింది. 11 వేస్తే తెలిసిన రెండు పేర్లూ చెప్పి, మిగిలిన 8ని తెలియదని విడిగా రాసింది. అన్ని పరీక్షలూ నెగ్గాయి. కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

జూలై వచ్చింది. వరద వచ్చింది. మొదటి హెచ్చరిక కబురు వెళ్ళింది, రెండవది వెళ్ళింది, 53 దాటగానే మూడవది వెళ్ళింది. నేను గంటగంటకూ అంకె కొడుతూనే ఉన్నాను, కబుర్లు చేరుతున్నాయనే అనుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం మామయ్యే ఫోను చేశాడు.

"ఏమిరా అల్లుడూ, నీరు నిలిచినట్టుంది గదా? నీ దగ్గరనుంచి కబురు లేదు."

"నిలవడమేమిటి మామయ్యా! అరవై దాటింది!"

అవతల కాసేపు మాట లేదు. ఇవతల నాకు చెమట పట్టింది. హెచ్చరిక పేరు మారితేనే కబురు పంపమని రాసింది నేనే. మూడవ హెచ్చరిక తరవాత ఇక మారడానికి పేరేది? 53కూ అదే పేరు, 60కీ అదే పేరు. నీరు పెరుగుతూ పోయింది. నా ప్రోగ్రాము నోరు మూసుకుంది. ఆ మౌనాన్ని మామయ్య నిలకడ అనుకున్నాడు.

"పేర్లు నాకెందుకురా? అంకె చెప్పు, అల్లుడూ! ఏ అంకెకు నీరు మన చేలో ఉంటుందో, ఏ అంకెకు గడపలో ఉంటుందో నాకు తెలుసు."

ఆ సాయంత్రమే అందరూ ట్రాక్టరెక్కి మెరక మీది ఊరికి చేరారు. 16వ తేదీన భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది; 1986 తరవాత అంత నీరు లేదు. మనుషులకూ పశువులకూ ఏమీ కాలేదు. విత్తనాల బస్తాలు మాత్రం దాటించే వ్యవధి లేక పోయింది. ఒక్క పూట ముందు తెలిసి ఉంటే అవీ దక్కేవి. ఆ సంగతి మామయ్య నాతో ఎన్నడూ అనలేదు. అత్తయ్య అన్నది, ఒకసారి.

వరద తీశాక మళ్ళీ ప్రోగ్రామును డీబగ్గరులో ఆపి చూశాను. 'మూడవ హెచ్చరిక' అని నిష్కళంకంగా చూపించింది. అబద్ధం లేదు. అడుగుల లెక్క పక్క గదిలోనే ఉంది. ఆ గదిని చూపించమని నేను అడగలేదు, అంతే. అంకెకు సరైన పేరు వస్తోందా అని వంద పరీక్షలు పెట్టిన నేను, ఆ పేరు ఒక్కటీ సరిపోతుందా అని మాత్రం పరీక్షించలేదు.

పేర్లు వద్దంటున్నానని అనుకోకండి. కొత్తగా వచ్చినవాడికి 43 అంటే ఏమి తెలుస్తుంది? హెచ్చరిక అంటేనే అర్థమవుతుంది. కాని పేరు మనం పెట్టుకున్నది, రేపు మార్చుకుంటాం. భద్రాచలాన్నే చూడండి. 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, తరవాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. 2014లో కూనవరం వైపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసి, మా మామయ్య కదలకుండానే రాష్ట్రం మారాడు. ఇన్ని పట్టికలు మారినా నది మాత్రం అడుగుల్లోనే మాట్లాడుతున్నది.

ఇప్పుడు నా ప్రోగ్రాము అడుగు మారినప్పుడల్లా కబురు పంపుతుంది: ముందు అంకె, పక్కన పేరు. మామయ్య ఇంటి గోడ మీద రెండో గీత వెలిసింది, 1986 గీతకు కాస్త కిందుగా. పక్కన 71.3 అని అంకె వేసి ఉంది. పేరేమీ రాయలేదు.