చిట్టా పుస్తకంతో కాశీయాత్ర

తెల్లవారుజాము అయిదు గంటలు. కాశీలో మానససరోవర ఘాట్ మెట్ల మీద అప్పుడే సందడి మొదలైంది. ‘పాకుడుగా ఉంది, చూసి దిగవే’ అని ఒకరు, ‘తువ్వాలు ఎవరి దగ్గరుంది?’ అని ఇంకొకరు... కళ్లు మూసుకుని వింటే గోదావరి రేవులో ఉన్నట్టే ఉంటుంది. ఇటు పాండే హవేలీ, అటు కేదార్ ఘాట్... ఈ సందుల్లో తెలుగు బోర్డులు, తెలుగులో పిలిచి బేరమాడే పడవవాళ్లు కొత్తేమీ కాదు.

స్నానం ముగించి, తడి పంచె పిండుకుని, ఓ పెద్దాయన సంచిలోంచి చిన్న పుస్తకం తీశారు. స్తోత్రాల పుస్తకం అనుకుంటే పొరపాటే. అది చిట్టా! ‘టీ రెండు - 20. పూలు - 10.’ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. లెక్క తేడా వస్తే నిద్ర పట్టని అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదు మరి. పాలకొల్లు వైపు నుంచి భార్యతో కలిసి నలభై రోజుల యాత్రకు బయల్దేరారు. కాశీ, ప్రయాగ, అయోధ్య, చివరగా గయ. ఇద్దరికీ కలిపి నలభై వేలు. అంటే మనిషికి రోజుకు అయిదు వందలు. రైలు, గది, తిండి, పూజలు... అన్నీ అందులోనే. పిల్లల్ని ఒక్క రూపాయి అడగకూడదన్నది ఆయన పట్టు.

అయ్యే పనేనా?

‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే’ అనుకునే రోజుల్లో యాత్ర అంటే నెలల మాట. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మళ్లీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. డేరాలు, పల్లకీలు, పెద్ద పరివారం... ఆయనది పొదుపు యాత్ర కాదు. అయినా దారి పొడుగునా ఏ ఊళ్లో ఏ సామాను దొరుకుతుందో, దిగడానికి వసతి ఉందో లేదో ఓపిగ్గా రాసిపెట్టాడు. దూరప్రయాణంలో డబ్బు కరిగేది తెలియని ఊళ్లో, తెలియని ధరల దగ్గరే.

తొమ్మిది నిద్రల లాభం

కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయడం తెలుగువాళ్ల ఆనవాయితీ. అమ్మ కడుపులో గడిపిన తొమ్మిది నెలలకు గుర్తు అంటారు. పుణ్యం సంగతి ఎలా ఉన్నా జేబుకు మాత్రం ఎంతో మేలు. నాలుగు రోజుల్లో నాలుగు క్షేత్రాలు చుట్టే వాళ్లకు రోజూ కొత్త ఊరు, కొత్త గది, కొత్త ఆటో. రోజూ మొదటి రోజే!

కండక్టరు గారి చిట్టా తిరగేస్తే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. మొదటి రోజు స్టేషన్ నుంచి గదికి ఆటో 250. మూడో రోజు షేర్ ఈ-రిక్షాలో మనిషికి 20. అయిదో రోజు ఆ గడి ఖాళీ. అప్పటికి సందులు తెలిశాయి, నడక అలవాటైంది. దక్షిణాన అస్సీ నుంచి ఉత్తరాన రాజ్‌ఘాట్ దాకా గంగ ఒడ్డున మెట్ల వెంబడే నడవొచ్చు. టిక్కెట్టు లేదు, గైడు అక్కర్లేదు. వానాకాలంలో మాత్రం మెట్లు మునిగిపోయి ఆ దారి ఉండదు.

ఇంకో కిటుకు, మకాం ఒకటే పెట్టుకోవడం. సారనాథ్ పది కిలోమీటర్లు. ప్రయాగకు పొద్దున్నే రైలెక్కితే రాత్రికి తిరిగొచ్చేయొచ్చు. అక్కడ వేరే గది అద్దె ఉండదు, సామాను మోత ఉండదు.

రైలు ఛార్జీలోనూ ఓ మెలిక ఉంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ధర తగ్గుతుంది. ముక్కలు ముక్కలుగా టిక్కెట్లు కొంటే ఈ లాభం పోతుంది. బయల్దేరిన స్టేషన్‌కే మరో దారిలో తిరిగొచ్చేవాళ్లకు రైల్వేలో సర్క్యులర్ జర్నీ టిక్కెట్టు అని ఒకటుంది. దారిలో ఎనిమిది చోట్ల దిగొచ్చు. అయితే బెర్తులు మాత్రం ఎక్కడికక్కడ విడిగా రిజర్వు చేసుకోవాలి. ఈ టిక్కెట్టు గురించి తెలిసినవాళ్లు తక్కువ, కౌంటర్లో కూడా! 2020 మార్చిలో వృద్ధుల రాయితీ ఎత్తేశాక పెద్దవాళ్లకు ఇది మరీ అవసరం. అంతకుముందు అరవై దాటిన మగవారికి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవారికి 50 శాతం తగ్గేది. ఆ రోజులు తలుచుకుని నిట్టూర్చని పెద్దలు ఈ ఘాట్ల మీద కనిపించరు.

గది విషయంలో సత్రాలే దిక్కు. పాండే హవేలీలోని శ్రీరామ తారక ఆంధ్ర ఆశ్రమం పేరు తెలియని తెలుగు యాత్రికుడు ఉండడు. గోదౌలియా దగ్గర నాట్టుకోట్టై చెట్టియార్ల సత్రం చాలా పాతది. అయితే కొన్ని సత్రాలు కులాలవారీగా కట్టినవి, అందరికీ తలుపు తీయవు. గంగ దగ్గర లేని తేడా గది దగ్గర ఎందుకో! కొన్నిచోట్ల మూడు రోజులకు మించి ఉండనివ్వరు. ఫోన్ చేసి కనుక్కోకుండా రైలెక్కితే ఇక స్టేషన్ బయట దళారీలకు పండగే. ‘ఆ సత్రం మూసేశారు, మంచి హోటల్ చూపిస్తా’ అన్న మాట వినగానే నడక వేగం పెంచడం ఉత్తమం. కార్తీక పౌర్ణమికి, శివరాత్రికి గదుల ధరలు, పడవల ధరలు ఆకాశంలో ఉంటాయి. 2021 డిసెంబరులో విశ్వనాథ్ ధామ్ తెరిచాక మామూలు రోజుల్లోనూ జనం పెరిగారు.

రసీదు బల్ల దగ్గర

ఇక తిండి. అన్నపూర్ణ కొలువున్న ఊళ్లో ఆకలికి భయం లేదు. గుడి పక్క అన్నక్షేత్రంలో, సత్రాల్లో భోజనం ఉచితం. చిట్టాలో ‘భోజనం’ గడి ఏడు రోజులుగా సున్నా. కండక్టరు గారు మహా సంబరంగా ఉన్నారు. ఏడో రోజు మధ్యాహ్నం, చేయి కడుక్కుని వస్తూ ఆవిడ అడిగారు.

‘ఏమండీ, వారం నుంచి ఊరికే తింటున్నాం. ఆ రసీదు బల్ల దగ్గర ఒక్కసారైనా ఆగారా?’

‘అన్నదానమే కదే! అందరూ తింటున్నారు.’

‘నా పక్కన కూర్చునే మామ్మగారిని చూశారా? ఒక్కతే వచ్చిందట. తిరుగు టిక్కెట్టు లేదట. ఆవిడకి రోజుకి ఇదొక్కటే భోజనం.’

ఆయన మాట్లాడలేదు. సత్రం గోడ నిండా పాలరాతి పలకలు. తల్లి పేరున, తండ్రి పేరున, అకాలంగా పోయిన కొడుకు పేరున... ఎవరో ఎప్పుడో బ్యాంకులో వేసిన డబ్బుకు వచ్చే వడ్డీయే ఈ విస్తట్లో అన్నం. చవగ్గా తిరుగుతున్నాం అనుకునే ప్రతి యాత్రికుడి వెనకా ఎవరో ఒకరు ముందే ఖర్చు పెట్టి ఉంటారు.

బయట తింటే ఎంతయ్యేదో లెక్క కట్టారాయన. పూటకు మనిషికి వంద, ఇద్దరు, ఏడు రోజులు. 1,400. చిన్న మొత్తం కాదు. అయోధ్యకు కారు మాట్లాడుకుందామని పక్కన పెట్టిన డబ్బులో సగానికి సగం. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, కారు ఆవిడ కోసమే. అయినా ఆవిడే సంచిలోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టారు. అయోధ్యకు జనరల్ బోగీలో వెళ్లారు. సీటు దొరికింది గానీ, మోకాళ్లు మాత్రం రెండు రోజులు పగ తీర్చుకున్నాయట!

పొదుపు తెలిసినవాళ్లు కూడా తప్పటడుగు వేసేది ఇలాంటి చోట్లే. చీరల దుకాణం దగ్గర వేలు పోగొట్టుకుని, పడవ తోసే మనిషి దగ్గర పది రూపాయలకు పేచీ పెడతారు. ఆటోవాలా తీసుకెళ్లిన పట్టుచీరల షాపులో అతని కమీషన్ కూడా చీర ధరలోనే ఉంటుంది. బేరం ఆడాల్సింది అక్కడ! పిండప్రదానానికి ఎంతో కూర్చోకముందే మాట్లాడుకోవాలి. మధ్యలో మాట్లాడితే ఇద్దరికీ మనసు పాడు. మంచినీళ్ల దగ్గర, మందుల దగ్గర కక్కుర్తి అసలే వద్దు. వాంతులు, విరేచనాలతో మంచం పడితే పదిరోజుల పొదుపు ఒక్క బిల్లుకు సరిపోదు.

డిసెంబరు చివర్లో కాశీ వదిలారు. పొగమంచుకు గయ రైలు నాలుగు గంటలు లేటు. ఈ చలికాలపు ఆలస్యాలకు చిట్టాలో గడి లేదు. గయలో కాయో, పండో, ఆకో వదిలేయాలి కదా, ఏం వదులుదాం అన్న చర్చ ప్లాట్‌ఫారం బెంచీ మీద మొదలైంది. ‘నేను కాఫీ వదిలేస్తా. నెలకు ఆరొందలు మిగులుతాయి’ అన్నారాయన. ‘కాకరకాయ వదిలే మనిషి కాఫీ వదులుతాడట!’ అని ఆవిడ నవ్వారు.

ఇంతలో చాయ్‌వాలా వచ్చాడు. చలి గజగజలాడిస్తోంది. చిట్టాలో ఆ రోజు పేజీ ఇలా ఉంది: ‘టీ రెండు - 20. టీ రెండు - 20. టీ రెండు - 20.’