అల్ రాయ్ శుక్రవారం సంతలో: గెలిచే జట్టంటే ఎందుకంత కడుపుమంట?

కువైట్ వెళ్ళే పని మీకెప్పుడైనా పడితే ఒక శుక్రవారాన్ని అల్ రాయ్‌కి కేటాయించండి. ఫర్వానియా గవర్నరేట్‌లోని వ్యాపార ప్రాంతమిది. చూడదగ్గ కోటలు, మ్యూజియంలు ఏవీ లేవు. గోడౌన్లు, కార్ల షోరూములు, ఫర్నిచర్ దుకాణాలు, మొక్కల నర్సరీలు ఉంటాయి. అయిదో రింగు రోడ్డు పక్కన 2007లో తెరిచిన ‘ది అవెన్యూస్’ మాల్ ఉంది. ఒక చివర నుండి ఇంకో చివరకు నడిస్తే కాళ్ళు పడిపోతాయి. ఇదే అల్ రాయ్‌లో ‘సూక్ అల్ జుమా’ కూడా ఉంది. జుమా అంటే శుక్రవారం. పాత తివాచీలు, పాత కుర్చీలు, వంటసామాను, బట్టలు, చెప్పులు అన్నీ ఇక్కడ దొరుకుతాయి. బేరమాడకుండా కొన్నవాణ్ణి చూసి అమ్మేవాడే జాలిపడతాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఈ సంతలో నడుస్తూ చెవులు రిక్కించండి, తెలుగు వినబడుతుంది. కడప, అన్నమయ్య, చిత్తూరు, గోదావరి జిల్లాల నుండి వచ్చినవాళ్ళు కువైట్‌లో చాలామంది ఉన్నారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, కంపెనీల్లో పనిచేసేవాళ్ళు. ఇంటిపనికి వచ్చే వీసాను వాళ్ళు ‘ఖద్దామా వీసా’ అంటారు, నివాసానుమతిని ‘అకామా’ అంటారు. యజమాని ‘కఫీల్’. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు వారానికొక సెలవు ఇవ్వాలని 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం చెబుతోంది. ఆ సెలవు శుక్రవారం దొరికినవాళ్ళు ఇంటికి పంపే సామాను కొనడానికి ఇక్కడికి వస్తారు. ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసి కోరంగి, మద్రాసు రేవుల నుండి ఓడలెక్కిన మన ముత్తాతలు మీకు గుర్తుకొస్తారు. కాలం వేరు, చట్టాలు వేరు. అయినా ఒకరి పూచీ మీద పరాయిదేశంలో బతకడమంటే ఏమిటో మన ఇళ్ళలో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక ఆ జనం వేసుకున్న చొక్కాలు చూడండి. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ. అసలు జెర్సీ కావాలంటే మాల్‌కి వెళ్ళాలి, దాని నకలు కావాలంటే సంతకు రావాలి. రెండు చోట్లా ఒక సంగతి మారదు. ఎప్పుడూ గెలిచే జట్ల చొక్కాలే ఎక్కువ అమ్ముడవుతాయి. విచిత్రమేమిటంటే, ప్రపంచంలో ఎక్కువమంది తిట్టుకునేది కూడా ఆ జట్లనే. కాయలున్న చెట్టుకే రాళ్ళ దెబ్బలని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ రాయి వేసే చెయ్యి ఎందుకు లేస్తుందో కాస్త ఆలోచించాలి.

అందుకు కువైట్ సొంత లీగునే చూడండి. ఇక్కడి మూడు పెద్ద క్లబ్బులూ 1960లోనే పుట్టాయి. అల్ అరబీది ఆకుపచ్చ రంగు, అల్ ఖాదిసియాది పసుపు, కువైట్ ఎస్‌సీది తెలుపు. పాతతరం అభిమానులకు అసలైన పోరంటే అరబీ, ఖాదిసియాల మధ్యే. అలాంటిది 2017 నుండి 2025 వరకు జరిగిన తొమ్మిది సీజన్లలో ఎనిమిదింటిని తెల్లచొక్కాలే ఎగరేసుకుపోయాయి. మధ్యలో 2021లో అరబీ ఒక్కసారి గెలిచింది. అంతకు ముందు ఆ క్లబ్బు లీగు గెలిచి పంతొమ్మిదేళ్ళయింది. మీరు ఆకుపచ్చ చొక్కా మనిషైతే ఆ పంతొమ్మిదేళ్ళు ఎదుటివాడి సంబరాలను ఎలా చూసి ఉంటారో ఊహించుకోండి.

ఈ కడుపుమంటకు మొదటి కారణం ఆశ పోవడమే. ఎవరు గెలుస్తారో తెలియకపోవడంలోనే ఆటకు రుచి ఉంది. జర్మనీలో 2013 నుండి 2023 వరకు వరుసగా పదకొండేళ్ళు బయర్న్ మ్యూనిక్కే లీగు గెలిచింది. 2024లో లెవర్‌కూజెన్ ఆ వరస తెంచినప్పుడు, ఆ జట్టుతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా సంతోషించారు. వాళ్ళకు కావలసింది లెవర్‌కూజెన్ గెలుపు కాదు, వచ్చే ఏడు మనమూ గెలవవచ్చునన్న నమ్మకం.

రెండోది డబ్బు. డబ్బున్న క్లబ్బు గెలుస్తుంది, గెలిచినందువల్ల మరింత డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో మన జట్టులో బాగా ఆడే కుర్రవాణ్ణే కొనుక్కుపోతుంది. మనం పెంచిన చెట్టు కాయలు పక్కవాడి గంపలో కనబడితే ఎవరికి మండదు?

మూడోది అన్నిటికంటే లోతైనది. జట్టు గెలిస్తే ‘మేం గెలిచాం’ అంటాం, ఓడితే ‘వాళ్ళు ఓడిపోయారు’ అంటాం. 1976లో అమెరికాలో రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కాలేజీ విద్యార్థుల మీద పరిశోధన చేసి ఇదే చూపించారు. తమ కాలేజీ జట్టు గెలిచిన తర్వాత ఆ కాలేజీ పేరున్న బట్టలు వేసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. జట్టు మన మర్యాదలో భాగమైనప్పుడు, ఎదుటి జట్టు ఏటేటా గెలవడం మనల్నే చిన్నచూపు చూసినట్టు తోస్తుంది.

అదే గెలుపు మనదైతే మంట ఉండదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు బొంబాయిలో రోవర్స్ కప్పును వరుసగా అయిదుసార్లు గెలిచింది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ సంగతి చదివిన తెలుగువాడు గర్వపడతాడే గానీ, పాపం మిగతా జట్లు ఏమనుకున్నాయోనని బాధపడడు. ఫిజీ పాఠకులను అడిగినా ఇదే చెబుతారు. బా జిల్లా జట్టు 1975 నుండి 1980 వరకు వరుసగా ఆరేళ్ళు అంతర్ జిల్లా టోర్నమెంటు గెలిచింది. బా చెరకుతోటల్లో పెరిగినవాళ్ళకు అది బంగారుకాలం. మిగతా జిల్లాలవాళ్ళకు ఎలా ఉండేదో వాళ్ళ నోటితోనే వినండి.

చిన్నజట్టు గెలిచినప్పటి ఆనందం దక్షిణాఫ్రికా పాఠకులకు తెలుసు. 1928లో పుట్టిన మానింగ్ రేంజర్స్ డర్బన్ భారతీయుల క్లబ్బు. కైజర్ చీఫ్స్, ఓర్లాండో పైరేట్స్ లాంటి మహాజట్లు ఉన్న ప్రీమియర్ సాకర్ లీగులో తొలి సీజన్, అంటే 1996–97 టైటిల్ దానిదే. అది ఒక్కసారి కాబట్టే అందరికీ ముద్దొచ్చింది. వరుసగా పదిసార్లు గెలిచి ఉంటే మనవాళ్ళనూ తిట్టేవారు.

ఇంతవరకూ ఇది సరదా కబురే. సరదా ఎక్కడ ఆగాలో మారిషస్ పాఠకులకు తెలుసు. అక్కడ క్లబ్బులు జాతుల పేరుతో పుట్టాయి: హిందూ కేడెట్స్, ముస్లిం స్కౌట్స్, తమిళ్ కేడెట్స్. తర్వాత పేర్లు మార్చారు గానీ అభిమానుల మనసుల్లో గీతలు అలాగే ఉండిపోయాయి. 1999 మే 23న అంజలై స్టేడియంలో స్కౌట్స్ క్లబ్, ఫైర్ బ్రిగేడ్ జట్లు లీగు టైటిల్ కోసం తలపడ్డాయి. ఆట తర్వాత గొడవలు చెలరేగాయి. పోర్ట్ లూయిస్‌లో లామికాల్ జూదశాలకు నిప్పు పెట్టారు. ఏడుగురు చనిపోయారు. ఆ దేశంలో లీగునే ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు క్లబ్బులను జాతుల వారీగా కాక ప్రాంతాల వారీగా నిలబెట్టారు.

ఆ స్టేడియానికి ఎవరి పేరుందో గుర్తు చేసుకోండి. 1943 సెప్టెంబరు 27న బెల్ వ్యూ హారెల్ చెరకుతోటలో సమ్మె చేస్తున్న కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పుల్లో చనిపోయిన గర్భిణి అంజలై కూపెన్. కూలీలందరి హక్కు కోసం ప్రాణం పోయిన మనిషి పేరున్న మైదానం నుండి అలాంటి రాత్రి మొదలైందంటే, మనం ఆలోచించాల్సింది ఫుట్‌బాల్ గురించి మాత్రమే కాదు. క్లబ్బు మీది కోపం, ఆ చొక్కా వేసుకున్న మనిషి మీదికీ, అక్కడి నుండి అతని జాతి మీదికీ పాకడానికి ఒక్క సాయంత్రం చాలు.

అందుకే అల్ రాయ్ సంతలో మాడ్రిడ్ చొక్కా వేసుకున్న రాయచోటి కుర్రవాణ్ణి చూసి ‘గెలిచేవాళ్ళ వెంట పడతావేం?’ అని ఎగతాళి చేయకండి. ఊళ్ళో జట్టున్నవాడికి విశ్వాసం గురించి మాట్లాడటం తేలిక. మన తాతలకు గిర్మిట్ ముగిశాక ఆ నేల మీదే ఉండిపోయే అవకాశం వచ్చింది. గుడి కట్టుకున్నారు, బడి పెట్టుకున్నారు, ఫుట్‌బాల్ క్లబ్బు కూడా పెట్టుకున్నారు. ఇతనికి అకామా ఉన్నంతకాలమే ఈ దేశం. పదేళ్ళు పనిచేసినా ఇక్కడి జట్టును ‘మాది’ అనుకోవడానికి నోరు రాదు. మాడ్రిడ్ మాత్రం కఫీల్ ఎవరని అడగదు. రెండు దినార్ల చొక్కాతో ఆదివారం రాత్రి అతను కూడా ‘మేం గెలిచాం’ అనగలడు. వారమంతా వేరేవాళ్ళ ఇంట్లో వేరేవాళ్ళ పనిచేసే మనిషికి ఆ ‘మేం’ చిన్నమాట కాదు.

గెలిచే జట్లను తిట్టుకోండి, తప్పులేదు. ఆ తిట్లు లేకపోతే ఆట చప్పబడిపోతుంది. తిట్టాక అవతలివాడితో కలిసి టీ తాగగలిగితే చాలు.

వెళ్ళేవాళ్ళకు చివరిగా రెండు మాటలు. నవంబరు నుండి మార్చి దాకా వెళ్ళండి, ఎండాకాలంలో సంతలో నిలబడలేరు. చిల్లర దినార్లు దగ్గర పెట్టుకోండి. తెలుగు వినబడితే ఆగి, ‘అన్నా, ఏ ఊరు?’ అని పలకరించండి. మీరు మారిషస్ నుండో, ఫిజీ నుండో వచ్చి తెలుగులో మాట్లాడుతున్నారని తెలిస్తే వాళ్ళు ముందు నమ్మరు. నమ్మాక మిమ్మల్ని వదలరు. జట్ల గురించి వాదన ఆ తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు.