నార్పోలి నుంచి ద్రాక్షతోటల దాకా

భివండిలో ఉండే మన తెలుగువారికి నార్పోలిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. ఇక్కడ ఊరు కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. ఏ గల్లీలో అడుగు పెట్టినా సాంచాల చప్పుడు. కొత్తగా వచ్చినవాడికి నిద్ర పట్టదు, పాతవాడికి ఆ చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. కరీంనగర్, నల్గొండ, వరంగల్ జిల్లాల నుంచి మన పద్మశాలీలు మూటాముల్లె సర్దుకుని వచ్చి, ఈ చప్పుడులోనే పిల్లల్ని పెంచి పెద్దచేశారు. మా నాన్నగారూ అలా వచ్చినవారే. పన్నెండు గంటల పాళీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఆ సంపాదనతోనే నేను బి.కాం. చదివి బ్యాంకు ఉద్యోగంలో చేరాను.

ఇటువంటి ఊరి నుంచి వైన్ గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ముందు నేనే నవ్వుకున్నాను. కానీ మా ఇంట్లో ఈ సంగతి నవ్వులాటగా మొదలు కాలేదు.

మా చిన్నమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదివింది. చదువైన ఏడాదికి నాసిక్ దగ్గర ఒక వైనరీలో ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేసింది. వచ్చిన అతిథులకు తోట చూపించి, వైన్ ఎలా తయారవుతుందో చెప్పి, రుచి చూడడం నేర్పించాలట. ఆ మాట వినగానే మా ఆవిడ పీట మీద కూలబడిపోయింది. "ఆడపిల్ల గ్లాసుల్లో పోసే కొలువా? రేపు సంబంధాలు ఎట్లొస్తయి?" అంది. పెళ్ళిచూపుల కోసం రాసిన బయోడేటాలో "హోటల్‌లో ఉద్యోగం" అని రాయించింది. నేను ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒప్పుకోవడమేనని తెలిసీ ఊరుకున్నాను.

మా ఇంట్లో ఈ భయానికి మూలం ఉంది. మా చిన్నాయన మంచి పనివాడు. జీతం రోజున సాంచాల కార్ఖానా నుంచి ఇంటికి రావడానికి పది నిమిషాలు చాలు, ఆయనకు మాత్రం రాత్రి దాటేది. నలభై నిండకుండానే పోయాడు. ఆయన పిల్లలిద్దరినీ మా అమ్మే సాకింది. ఆ ఏడాది మా అన్నదమ్ములను కూర్చోబెట్టి, అన్నం కంచం ముందు పెట్టి, జన్మలో తాగమని ఒట్టు వేయించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారన్న వార్త పేపర్లో చదివి వినిపిస్తే, "ఆళ్ళకు దండం పెట్టాలె" అంది. ఆ ఉద్యమం వల్లనే 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళకే, 1997లో, ఆ నిషేధం సడలిపోయిన సంగతి కూడా మనకు తెలిసిందే.

అందుచేత అమ్మాయి ఉద్యోగం ఏమిటో కళ్ళారా చూసి రావాలని, మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాను. నార్పోలి నుంచి నాసిక్ దాదాపు 130 కిలోమీటర్లు. 2025 జూన్ నుంచి మనకు దగ్గర్లోని ఆమ్నే దగ్గరే సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కవచ్చు. నేను మాత్రం పాత దారినే పట్టాను. పడ్ఘా, శహాపూర్ దాటి కసారా ఘాట్ ఎక్కుతుంటే గాలి మారింది. దూది నుసి పీల్చి పీల్చి అలవాటైన ముక్కుకు ఆ చల్లదనం కొత్తగా అనిపించింది. ఇగత్‌పురి, ఘోటి దాటాక రోడ్డుకిరువైపులా ద్రాక్ష పందిళ్ళు కనపడసాగాయి.

నాసిక్ సముద్రమట్టానికి దాదాపు 2,000 అడుగుల ఎత్తున ఉంది. పగలు ఎండ, రాత్రి చలి ద్రాక్షకు సరిపడతాయి. ఇక్కడ తినే ద్రాక్ష ఎప్పటినుంచో ఉన్నా, వైన్ పేరు మోగింది ఈ పాతికేళ్ళలోనే. అంతకు ముందు 1980లలో పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో షాంపేన్ ఇండేజ్ అనే కంపెనీ ఫ్రెంచి నిపుణుల సాయంతో బుడగల వైన్ తయారుచేసి, "ఒమర్ ఖయ్యామ్" పేరుతో విదేశాలకు పంపింది. ఆ తర్వాత అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ నాసిక్‌లో ఫ్రెంచి రకాల ద్రాక్ష నాటి, 2000లో సులా వైన్ బజారులోకి తెచ్చారు. తల్లి సులభ పేరులోంచే ఆ పేరు పెట్టారట. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష వైన్‌కు ప్రత్యేక విధానం ప్రకటించింది. 2013లో ఫ్రాన్స్‌కు చెందిన మోయెట్ హెన్నెసీ వారే దిండోరి ప్రాంతానికి వచ్చి షాందోన్ మొదలుపెట్టారు.

అమ్మాయి గేటు దగ్గరే ఎదురొచ్చింది. "బాపూ, ఇయ్యాల నువ్వు నా గెస్టువు" అని నన్నూ మిగతా పదిమందితో కలిపి తోటలోకి తీసుకెళ్ళింది. ఫ్రాన్స్‌లో సెప్టెంబరు ప్రాంతంలో ద్రాక్ష కోస్తే, మనకు జనవరి నుంచి మార్చి దాకా కోత. వానల తర్వాత కొమ్మలు కత్తిరించి, చలికాలంలో కాయ ముదిరేలా చూస్తారట. తీగలు ఫ్రెంచి రకాలే. షెనాన్ బ్లాంక్ లువార్ నది ఒడ్డుది, షిరాజ్ రోన్ లోయది, కాబర్నే సావిన్యాన్ బోర్డో ప్రాంతానిది. వలస వచ్చిన తీగలన్నమాట. మనలాగే కొత్త నేలలో వేళ్ళూనాయి.

తర్వాత రుచి చూసే గది. బల్ల మీద గ్లాసులతోపాటు ఒక స్టీలు గిన్నె ఉంది. అదెందుకో నాకు అర్థం కాలేదు. అమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలి, లేకపోతే చేతి వేడి వైన్‌కు తగులుతుంది. ముందు తెల్ల కాగితం మీదుగా రంగు చూడాలి. తర్వాత గుండ్రంగా తిప్పి వాసన చూడాలి. ఆ తర్వాతే ఒక గుక్క నోట్లో పోసుకుని, నాలుకంతా తగిలేలా తిప్పి, ఆ గిన్నెలో ఉమ్మేయాలి. రోజూ పదుల కొద్దీ వైన్లు పరీక్షించే నిపుణులు మింగరు. మింగితే నాలుగో గ్లాసుకే తీర్పు తప్పుతుంది.

ఆ మాటతో నా మనసులో ఏదో కాస్త సడలింది. మా బ్యాంకులో అనుభవమున్న క్యాషియరు నోటును వేలితో తడమగానే దొంగనోటును పట్టేస్తాడు. మా నాన్నగారు నూలుపోగును రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టి, అది ఎన్నో నంబరో చెప్పేవారు. ఇదీ అటువంటి విద్యే, వేళ్ళ బదులు ముక్కూ నాలుకా.

సావిన్యాన్ బ్లాంక్ వాసన చూసి, "పచ్చి జామకాయ" అన్నాను. "శెభాష్ బాపూ" అంది. షిరాజ్‌లో మిరియాల ఘాటు తగిలింది. ఎర్ర వైన్ నోట్లో పడగానే వక్క నమిలినట్టు చిగుళ్ళు పట్టేశాయి. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్ వల్ల ఆ వగరు వస్తుందట. ప్రతి గుక్కా గిన్నెలోకే పోయింది. అమ్మకిచ్చిన మాట తప్పానా లేదా అని ఆ రాత్రంతా ఆలోచించాను, అది వేరే సంగతి.

చివర బుడగల వైన్. షాంపేన్ అనే పేరు ఫ్రాన్స్ ఈశాన్యంలో రీమ్స్, ఎపర్నే పట్టణాల చుట్టూ ఉన్న ఆ ప్రాంతంలో తయారైన దానికే చెల్లుతుందని, అందుకే తాము ఆ పేరు వాడమని అమ్మాయి చెప్పింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో వచ్చిన భౌగోళిక గుర్తింపు లాంటిదే ఇది. 1911లో బయటి ద్రాక్ష తెచ్చి షాంపేన్ పేరుతో అమ్ముతున్నారని అక్కడి రైతులు వ్యాపారుల గిడ్డంగుల మీద పడ్డారట. నకిలీ సరుకు వల్ల కడుపు మాడడం ఏమిటో చేనేతవాడికి ఒకరు చెప్పాలా?

బుడగలు పైనుంచి ఎక్కించినవి కావు. తయారైన వైన్‌ను సీసాలో పోసి, కాస్త చక్కెర, ఈస్టు కలిపి మూత బిగిస్తారు. సీసాలోనే మళ్ళీ పులుస్తుంది. పుట్టిన గాలి బయటికి పోలేక వైన్‌లోనే కరుగుతుంది. లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండే దానికి రెండు మూడింతలు. అసలు షాంపేన్ అయితే కనీసం 15 నెలలు ఆగాలి. అడుగున చేరే మడ్డిని సీసా మూతి దగ్గరికి దించే పద్ధతిని పంతొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో వాడుకలోకి తెచ్చింది ఇరవై ఏడేళ్ళకే భర్తను పోగొట్టుకున్న మదాం క్లికో వ్యాపారశాల. ఆవిడ 1805 నుంచి ఆ వ్యాపారాన్ని స్వయంగా నడిపింది. ఫ్రెంచిలో "వవ్" అంటే వితంతువు. సీసా మీద ఆ మాటను దాచుకోకుండా అచ్చు వేశారు.

అమ్మాయి బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను మెల్లగా తిప్పింది. చప్పుడు లేకుండా నిట్టూర్పులా తెరుచుకుంది. "సినిమాల్లో లెక్క ఢాం అంటే పని రానట్టు" అంది. గ్లాసులో నురగ చూస్తే మా ఊరి తాటివనం గుర్తొచ్చింది. లొట్టి దించగానే నురగలు కక్కే కల్లు కూడా ఈ పులుపు మహిమే కదా! పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని కాలాన్ని బట్టి పేర్లు పెట్టి రుచులు ఎంచినవాళ్ళం మనం. ఆ నేర్పుకు పుస్తకం మాత్రం రాసుకోలేదు.

అదే సమయంలో ఒక కుర్రాడు ఇంకో గ్లాసు కావాలని గొంతు పెంచాడు. అమ్మాయి చిరునవ్వు చెదరకుండా, "సార్, ఇప్పుడు మీకు మంచినీళ్ళు" అని మరాఠీలో చెప్పి నీళ్ళ గ్లాసు ముందు పెట్టింది. అతను కూర్చున్నాడు. నేను వెళ్ళి చూడాలనుకున్నది అదేనని నాకప్పుడు తెలిసింది.

తిరిగొచ్చాక పద్మనగర్‌లో అన్నయ్య దగ్గరున్న అమ్మకు అంతా చెప్పాను, ఉమ్మేసిన సంగతితో సహా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ తాత గూడ కల్లు వాసన జూసి నీళ్ళు కలిపిండ్రా లేదా చెప్తుండె. పొల్లకు ఆయన ముక్కొచ్చినట్టుంది. ఉమ్మెయ్యనీకె సిగ్గువడద్దని చెప్పు" అంది. చిన్నాయన మాట మాత్రం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మా ఆవిడ ఇంకా పూర్తిగా సమాధానపడలేదు. ఈ వచ్చే సెలవులకు ఆమెనూ తీసుకెళ్తాను. బయోడేటాను మాత్రం తిరగరాశాను. ఇప్పుడందులో "వైనరీలో అతిథులకు వైన్ రుచి చూడడం నేర్పే ఉద్యోగం" అని స్పష్టంగా ఉంది. ఒక సంబంధం వారు అది చదివి వెనక్కి తగ్గారు. ఇంకొకరు, "మేమూ ఒకసారి తోట చూడవచ్చా?" అని అడిగారు. వారిని ఫిబ్రవరిలో, కోతల కాలంలో రమ్మన్నాను.