పరుగుకు సబర్ కావాలి

యాభై ఏడో ఏట పరుగు మొదలుపెట్టాను. మా అబ్బాజాన్ ఈ వయసుకే మెట్లెక్కలేక కింది గదిలోకి మారిపోయారు. నాకున్న ఖౌఫ్ అదే. "ఈ ఉమర్‌లో ఎవరితో పోటీ మీకు?" అంటుంది బేగం. ఆ కింది గదితోనే.

మొదట్లో కిలోమీటరుకు తొమ్మిదిన్నర నిమిషాలు పట్టేది. ఎనిమిది నెలలకు ఎనిమిది నిమిషాలకు వచ్చింది. ఈ ఫరక్ వెనక జాదూ ఏమీ లేదు. బీపీ, షుగర్ చూపించుకుని, డాక్టరు ఇజాజత్ ఇచ్చాకే బూట్లు కొన్నాను.

ఫజర్ తర్వాత, వారానికి మూడు రోజులే పరుగు. రెండు రోజులు ఆహిస్తా, పక్కవాడితో ఆయాసం లేకుండా గుఫ్తగూ చేయగలిగినంత నెమ్మదిగా. ఈ నెమ్మది పరుగుతోనూ గుండెకు తాఖత్ వస్తుంది. మూడో రోజు పది నిమిషాలు ఒళ్లు వెచ్చబడ్డాక, ఒక నిమిషం జోరుగా పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఆరుసార్లు. పరుగు రోజుల మధ్య ఆరామ్ జరూర్, మన వయసులో కండరం కోలుకోవడానికి వక్త్ ఎక్కువ పడుతుంది. వయసుతో కండ తరుగుతుంది కూడా. అందుకే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చునే కసరత్తూ చేస్తాను. రంజాన్‌లో మాత్రం నడకతోనే సరి.

ఫౌజా సింగ్ 2000లో 89 ఏళ్ల వయసులో లండన్ మారథాన్ పరుగెత్తారు. మనకంత హిమ్మత్ అక్కర్లేదు భాయీ. మోకాలు నొప్పి పెడితే ఆగండి, తగ్గాక మళ్లీ కదలండి. గడియారం కన్నా ముందు మీ ఊపిరి మాట వినండి.